చేతిపట్టీ లెక్కించే నిద్ర: భిలాయి రాత్రి షిఫ్టు అడుగుతున్న ప్రశ్న

భిలాయి నగరంలోని స్మృతి నగర్‌లో తెల్లవారే వేళ రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఒక ఇంట్లో కిటికీలు తెరుచుకుంటాయి, వాకిట ముగ్గు పడుతుంది, పిల్లలు బడికి తయారవుతుంటారు. పక్క ఇంట్లో అదే సమయానికి తలుపులు మూసుకుంటాయి, పరదాలు దిగుతాయి. రాత్రి పది గంటలకు ఉక్కు కర్మాగారంలో మొదలైన షిఫ్టును ఉదయం ఆరింటికి ముగించుకొని వచ్చిన మనిషికి అది రాత్రితో సమానం. వీధిలో కూరగాయల బండి కేక, ఎదురింటి కుక్కరు కూత, పైనుంచి ఎండ. వీటన్నిటి నడుమ అతడు నిద్రను వెతుక్కోవాలి.

కొన్నేళ్లుగా ఆ మనిషి మణికట్టుకు ఒక పట్టీ కూడా చేరింది. మధ్యాహ్నం లేచి ఫోను తెరిస్తే అది లెక్క చెబుతుంది: ఇన్ని గంటల ఇన్ని నిమిషాల నిద్ర, అందులో ఇంత తేలిక నిద్ర, ఇంత గాఢ నిద్ర, మొత్తం మీద నూటికి ఇన్ని మార్కులు. ఒళ్లు బరువుగా ఉన్నా అంకె బాగుంటే మనసు తేలికపడుతుంది. ఒళ్లు తేలికగా ఉన్నా అంకె తగ్గితే దిగులు మొదలవుతుంది. వెయ్యి, రెండు వేల రూపాయలకే దొరుకుతున్న ఈ పరికరం ఇచ్చే లెక్క ఎంతవరకు నమ్మదగినది? నిద్ర సజావుగా పట్టే మనిషికి ఇది కుతూహలం తీర్చుకునే ప్రశ్న. రాత్రంతా కొలిమి దగ్గరో, క్రేను మీదో మెలకువగా ఉండవలసిన మనిషికి మాత్రం ఇది భద్రతకు సంబంధించిన ప్రశ్న.

ఉక్కుతోపాటు వచ్చిన షిఫ్టు

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణానికీ, ఆ తర్వాత ఉత్పత్తికీ దేశం నలుమూలల నుంచి వచ్చిన శ్రామికులలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు దుర్గ్ జిల్లాలో స్థిరపడ్డాయి. వారి రెండో, మూడో తరాలు నేడు టౌన్‌షిప్ సెక్టార్లలోనూ, వాటికి వెలుపల పెరిగిన స్మృతి నగర్ వంటి కాలనీలలోనూ నివసిస్తున్నాయి.

బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రికి ఆర్పి పొద్దున్న వెలిగించడం సాధ్యం కాదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి అది మండుతూనే ఉండాలి. కోక్ ఓవెన్లకు కూడా ఇదే నియమం. కాబట్టి మనుషులే మూడు షిఫ్టులుగా దాని చుట్టూ తిరగాలి. ఈ వారం పగలు, వచ్చే వారం సాయంత్రం, ఆపై రాత్రి. ఈ మార్పును శరీరం అంత సులభంగా అంగీకరించదు. నిద్ర పరిశోధనకు ఆద్యుడిగా పేరొందిన నథానియెల్ క్లైట్‌మన్ 1938లో అమెరికాలోని మామత్ గుహలో, సూర్యరశ్మి చొరబడని చోట, తన విద్యార్థితో కలిసి 32 రోజులు గడిపాడు. రోజును 24 గంటలకు బదులు 28 గంటలుగా మార్చుకుంటే శరీరం అలవాటుపడుతుందా అన్నది వారి ప్రశ్న. వయసులో చిన్నవాడైన విద్యార్థి అలవాటుపడ్డాడు, నలభై దాటిన క్లైట్‌మన్ పడలేకపోయాడు. శరీరంలోని ఈ గడియారం జీవకణాల స్థాయిలో ఎలా నడుస్తుందో వివరించినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

రాత్రి పనిచేసి పగలు పడుకునేవారి నిద్ర, రాత్రి నిద్రకంటే సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు తక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ లోటు పని మీద పడుతుంది. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుకు సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు నిరూపించారు. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు అనుమతించే పరిమితి 0.03 శాతమే అని గుర్తుంచుకుంటే ఈ పోలిక తీవ్రత అర్థమవుతుంది. అందువల్ల రాత్రి షిఫ్టు కార్మికుడు నిజంగా ఎంత నిద్రపోయాడన్నది అతడి స్వవిషయం మాత్రమే కాదు. అతడి పక్కన పనిచేసేవారికీ, అతడు ఇంటికి నడుపుకొని వచ్చే మోటారు సైకిలుకు ఎదురయ్యేవారికీ అది సంబంధించినదే.

పట్టీ కొలిచేది నిద్రను కాదు

నిద్ర అన్నది మెదడులో జరిగే వ్యవహారం. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పద్ధతిని జర్మన్ వైద్యుడు హన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని, కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనేనని క్లైట్‌మన్, ఆయన శిష్యుడు అసెరిన్‌స్కీ 1953లో వెల్లడించారు. దానినే నేడు రెమ్ నిద్ర అంటున్నారు. ఆసుపత్రిలో జరిపే నిద్ర పరీక్షను పాలీసోమ్నోగ్రఫీ అంటారు. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి ఎలక్ట్రోడులు అతికిస్తారు. శ్వాస, గుండె, రక్తంలోని ఆక్సిజన్, కాళ్ల కదలిక అన్నిటినీ నమోదు చేస్తారు. తర్వాత శిక్షణ పొందిన నిపుణుడు ఆ రాత్రిని ముప్పై సెకన్ల చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ అది మెలకువో, ఏ దశ నిద్రో పేరు పెడతాడు. నిద్రను కొలవడానికి ప్రమాణం ఇదే.

చేతిపట్టీ వద్ద ఈ సామగ్రి ఏదీ లేదు. దానిలో ఉన్నవి ప్రధానంగా రెండు. చేతి కదలికను పసిగట్టే సెన్సరు ఒకటి. చర్మంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, తిరిగి వచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి రక్త ప్రవాహాన్ని, దాని ద్వారా నాడి వేగాన్ని అంచనా వేసే సెన్సరు మరొకటి. చేయి కదలక, నాడి నెమ్మదిస్తే మనిషి నిద్రపోయి ఉంటాడని పట్టీలోని గణన పద్ధతి నిర్ధారిస్తుంది. అంటే అది నిద్రను చూడదు, నిద్ర ఆనవాళ్లను చూసి ఊహిస్తుంది. తలుపు సందులోంచి దీపం ఆరిందని చూసి, లోపలివారు పడుకున్నారని పొరుగువారు అనుకోవడం వంటిది ఇది. చాలాసార్లు ఆ ఊహ సరైనదే. కానీ చీకట్లో కళ్లు తెరచి పడుకున్నవారు కూడా ఉంటారు.

తెలుగులో కునుకు, మాగన్ను, కలత నిద్ర, గాఢ నిద్ర అని వేర్వేరు మాటలు ఉన్నాయి. పడకమీద ఉండీ నిద్ర పట్టకపోవడాన్ని జనం నిద్రగా ఏనాడూ లెక్కించలేదు. పట్టీకి తెలియనిది సరిగ్గా ఈ తేడానే.

పరీక్షలు తేల్చినది

మణికట్టు కదలికతో నిద్రను అంచనా వేసే పద్ధతిని వైద్యులు యాక్టిగ్రఫీ అంటారు. చేతిపట్టీలకు మూలం అదే. దాని ఖచ్చితత్వాన్ని పాలీసోమ్నోగ్రఫీతో పోల్చి చూసిన ఒక ముఖ్యమైన అధ్యయనం 2013లో 'స్లీప్' పత్రికలో వెలువడింది. పాల్గొన్నవారు 77 మంది. వారిలో ఆరోగ్యవంతులతోపాటు నిద్రలేమి రోగులు, పగలు నిద్రించే 23 మంది రాత్రి పనివారు కూడా ఉండడం భిలాయి వంటి నగరానికి ఈ అధ్యయనాన్ని దగ్గర చేస్తుంది. నిజంగా నిద్రలో ఉన్న సమయాన్ని నిద్రగా గుర్తించడంలో పరికరం 96 శాతానికి పైగా సఫలమైంది. నిజంగా మెలకువగా ఉన్న సమయాన్ని మెలకువగా గుర్తించడంలో మాత్రం దాని సాఫల్యం 33 శాతం మాత్రమే. మెలకువగా గడిచిన ప్రతి మూడు నిమిషాలలో సుమారు రెండింటిని అది నిద్ర ఖాతాలో వేసింది.

నాడిని కూడా కొలిచే కొత్త పరికరాలు వచ్చాక పరిస్థితి మారిందా? మార్కెట్‌లోని ఏడు పరికరాలను 34 మంది ఆరోగ్యవంతులైన యువజనులపై పరీక్షించిన అధ్యయనం 2021లో అదే పత్రికలో వచ్చింది. నిద్రను గుర్తించడంలో అన్నీ 93 శాతానికి తగ్గలేదు. మెలకువను గుర్తించడంలో మాత్రం 18 నుంచి 54 శాతం మధ్యనే నిలిచాయి. పరికరాలు మెరుగుపడుతున్న మాట వాస్తవం. అయితే పొరపాటు వాలే దిశ మాత్రం మారలేదు. కదలకుండా పడుకున్న మెలకువ వాటి కంటికి నిద్రలాగే కనిపిస్తోంది.

ఈ శాతాలు నిత్యజీవితంలో ఏ రూపం తీసుకుంటాయో ఒక చిన్న లెక్క చూపుతుంది. నిద్రను 96 శాతం, మెలకువను 33 శాతం సరిగా గుర్తించే పట్టీని ఇద్దరు ధరించారని అనుకుందాం. ఇద్దరూ ఎనిమిది గంటలు పడకమీద ఉన్నారు. మొదటి వ్యక్తి ఏడున్నర గంటలు నిద్రపోయి అరగంట మెలకువగా ఉన్నాడు. పట్టీ అతడికి సుమారు ఏడు గంటల ముప్పై రెండు నిమిషాలు చూపుతుంది. నిజానికీ దానికీ తేడా రెండు నిమిషాలే. రెండో వ్యక్తి రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పగటి వెలుగులో అయిదు గంటలే నిద్రపోయి, మూడు గంటలు అటూ ఇటూగా మెలకువలో గడిపాడు. పట్టీ అతడికి సుమారు ఆరు గంటల నలభై ఎనిమిది నిమిషాలు చూపుతుంది. నిజంకన్నా ఇది గంటా నలభై ఎనిమిది నిమిషాలు ఎక్కువ.

ఇదే లెక్కను ఖచ్చితత్వ శాతంగా మార్చితే మరో సత్యం బయటపడుతుంది. మొదటి వ్యక్తి విషయంలో పట్టీ 92 శాతం సరైనది, రెండో వ్యక్తి విషయంలో 72 శాతమే. పరికరం ఒక్కటే, గణన పద్ధతి ఒక్కటే. మారింది మనిషి నిద్ర. అంటే ప్రకటనల్లో కనిపించే ఖచ్చితత్వ శాతం పరికరం ఒక్కదాని గుణం కాదు, ఎవరిపై పరీక్షించారన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, మొదటి వ్యక్తి ఎనిమిది గంటలూ నిద్రపోయాడని కళ్లు మూసుకుని రాసేసినా ఆ రాత కూడా దాదాపు 94 శాతం సరైనదే అవుతుంది. బాగా నిద్రపోయేవారి మీద ఏ పరికరమైనా మంచి మార్కులే తెచ్చుకుంటుంది. కలత నిద్ర ఉన్నవారి దగ్గరే దానికి అసలు పరీక్ష. సాయం ఎక్కువ అవసరమైన చోటనే సాధనం బలహీనపడడం ఈ మొత్తం వ్యవహారంలోని చిక్కు.

పగటి నిద్రకు మరిన్ని ఇబ్బందులు

షిఫ్టు కార్మికుల విషయంలో ఇంకొన్ని కారణాలు తోడవుతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఛత్తీస్‌గఢ్ ఎండలో పగటి నిద్ర ఒక్క విడతలో ముగియదు. ఉదయం మూడు నాలుగు గంటలు, భోజనం తర్వాత మరో గంటో రెండో అన్నట్లు విడివిడిగా సాగుతుంది. అనేక పరికరాలు మాత్రం నిద్ర అంటే ఒక దీర్ఘమైన విడతగా భావించి తయారైనవే. తక్కువ సేపు పట్టిన నిద్రను కొన్ని అసలు దశలుగా విడగొట్టవు. కొన్ని దాన్ని కునుకుగా పక్కన పెడతాయి. మంచం మీద పడుకుని కదలకుండా టీవీ చూసిన గంటను మాత్రం నిద్రగా కలుపుకోవచ్చు.

నిద్ర దశల లెక్క మరింత సందేహాస్పదమైనది. ఒక ప్రముఖ చేతిపట్టీని 35 మందిపై పరీక్షించిన 2018 నాటి అధ్యయనంలో, తేలిక నిద్రను అది 81 శాతం, రెమ్ నిద్రను 74 శాతం సరిగా పట్టుకోగా, గాఢ నిద్రను పట్టుకున్నది 49 శాతమే. గాఢ నిద్ర మెదడులో నెమ్మదైన, పెద్ద తరంగాలతో గుర్తించదగిన దశ. మణికట్టు దగ్గర ఆ తరంగాలు వినిపించవు. అయినా ఉదయాన్నే ఫోనులో అందరూ మొదట చూసుకునేది, ఇంట్లో ఒకరితో ఒకరు పోల్చుకునేది గాఢ నిద్ర నిమిషాలనే.

ఇక్కడ పట్టీ పట్ల న్యాయంగా కూడా మాట్లాడవలసి ఉంటుంది. పాలీసోమ్నోగ్రఫీ కాగితాలను ఇద్దరు నిపుణులకు ఇచ్చినా దశల విషయంలో వారి మధ్య ఏకీభావం 80 శాతం పైచిలుకే ఉంటుందని అధ్యయనాలు తేల్చాయి. పైగా ఆసుపత్రి పరీక్ష ఒక రాత్రి జరిగేది, కొత్త చోట, ఒంటినిండా తీగలతో. పట్టీ మాత్రం సొంత పడకమీద నెలల తరబడి నమోదు చేస్తుంది. నిద్ర వేళలు గతి తప్పే రుగ్మతలను అంచనా వేయడానికి యాక్టిగ్రఫీని వాడుకోవచ్చని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో వైద్యులకు సూచించింది. అదే సంస్థ అదే ఏడాది వినియోగదారుల పరికరాలపై మరో ప్రకటన చేస్తూ, అవి వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కావని స్పష్టం చేసింది. ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధమైనవి కావు. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, వేళలు వారం వారం ఎలా మారుతున్నాయి అన్నది మణికట్టు చెప్పగలదు. నిద్ర ఎంత లోతుగా పట్టింది, రోగం ఉందా లేదా అన్నది చెప్పలేదు.

అంకె మనసుపై చేసే పని

పొరపాటు అంకె ఊరికే ఫోనులో పడి ఉండదు, మనిషి దానికి అనుగుణంగా నడుచుకుంటాడు. నిద్రలేమితో బాధపడుతున్న 63 మందికి కావాలనే కల్పిత ఫలితాలు చూపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రాత్రి నిద్ర బాగాలేదని చెప్పించుకున్నవారు, బాగుందని చెప్పించుకున్నవారికన్నా ఆ పగలంతా ఎక్కువ అలసటను, తక్కువ ఉత్సాహాన్ని నివేదించారు. అంకె అబద్ధమైనా అలసట నిజమైంది. నిద్ర మార్కులకోసం ఆరాటపడి, ఆ ఆరాటంతోనే నిద్ర పోగొట్టుకుంటున్న వారిని చూసిన అమెరికా వైద్యులు 2017లో ఈ ధోరణికి 'ఆర్థోసోమ్నియా' అని పేరు పెట్టారు. వారు వివరించిన రోగులలో, ఆసుపత్రి పరీక్ష ఫలితంకన్నా తమ పరికరాన్నే నమ్మినవారు ఉన్నారు.

కర్మాగార నగరంలో దీనికి వ్యతిరేక దిశలోని ప్రమాదం ఇంకా పెద్దది. పట్టీ దాదాపు ఏడు గంటలు చూపింది కాబట్టి నిద్ర సరిపోయిందని భావించి, ముంచుకొస్తున్న మగతను పట్టించుకోకుండా షిఫ్టుకు బయలుదేరడం అందులో ఒకటి. గట్టిగా గురకపెడుతూ, నిద్రలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరవుతున్న మనిషి, మార్కులు బాగున్నాయని వైద్యుడి దగ్గరకు వెళ్లకపోవడం రెండోది. స్లీప్ ఆప్నియా అనే ఈ రుగ్మత రక్తపోటుతో, గుండె జబ్బులతో ముడిపడినది. 2024లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శామ్‌సంగ్, ఆపిల్ వాచీలలో ఈ రుగ్మత సూచనలను గుర్తించే సదుపాయాలకు అనుమతి ఇచ్చింది. అవి హెచ్చరించే సదుపాయాలే తప్ప రోగ నిర్ధారణ చేసేవి కావు. హెచ్చరిక వస్తే వైద్యుడిని కలవాలి. హెచ్చరిక రానంత మాత్రాన రోగం లేదని అనుకోరాదు. పైగా ఆ అనుమతి ఆయా వాచీలకే గానీ, చేతికి కట్టుకునే ప్రతి పట్టీకీ వర్తించదు.

చట్టం ఎక్కడ నిలుస్తోంది

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. అయితే ఒక వస్తువు వైద్య పరికరమా కాదా అన్నది తయారీదారు దానిని ఏ ఉద్దేశంతో అమ్ముతున్నాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. రోగ నిర్ధారణకో చికిత్సకో అని చెబితే నియమాలు వర్తిస్తాయి. సాధారణ ఆరోగ్య శ్రేయస్సుకోసమే, వైద్య అవసరాలకు కాదు అని చిన్న అక్షరాలలో రాస్తే మార్గం సుగమమవుతుంది. పెద్ద అక్షరాలలో గాఢ నిద్ర, ఆక్సిజన్, ఒత్తిడి అని ప్రచారం చేసి, చిన్న అక్షరాలలో బాధ్యత వదులుకోవడం ఈ మార్కెట్‌లో సర్వసాధారణమైంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర ప్రాధికార సంస్థకు అధికారం ఇచ్చింది. ఖచ్చితత్వం ఎంతో చెప్పే కంపెనీ, అది ఎంతమందిపై, ఎలాంటి నిద్ర ఉన్నవారిపై తేలిందో కూడా పెట్టెమీద చెప్పాలని కోరడం అత్యాశ కాదు.

రెండో విషయం సమాచారానికి సంబంధించినది. నిద్ర లెక్క మణికట్టు నుంచి ఫోనుకు, ఫోను నుంచి కంపెనీ సర్వర్లకు చేరుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఈ చట్టంలో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేకమైన తరగతి ఏదీ లేదు. ఉద్యోగ ప్రయోజనాలకోసం, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడంకోసం సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకునే వెసులుబాటు ఇందులో ఉంది. దాని హద్దులు ఎంతవరకన్నది న్యాయస్థానాలు, సమాచార రక్షణ మండలి తేల్చవలసి ఉంది.

అలసటను యంత్రాలతో పసిగట్టే ప్రయత్నాలు ప్రపంచవ్యాప్తంగా గనుల్లో, రవాణా రంగంలో ఇప్పటికే సాగుతున్నాయి. రేపు ఏ కర్మాగారమైనా పట్టీ లెక్కను బట్టి కార్మికుడు పనికి తగినవాడా కాదా అని నిర్ణయించబోతే అది ఇద్దరికీ నష్టమే. అయిదు గంటల నిద్రను ఏడు గంటలకు దగ్గరగా చూపే పరికరం అలసిన మనిషికి అర్హత పత్రం ఇస్తుంది. ప్రమాదం జరిగితే, నిద్ర సరిపోయిందని యంత్రమే చెప్పింది కదా అని తప్పంతా అతడిపైకే నెట్టే వీలు కలుగుతుంది. అలసటకు మూలం రోస్టరులో, వరుస రాత్రి షిఫ్టులలో, ఓవర్‌టైములో ఉన్నప్పుడు వెతకవలసిన చోటు మణికట్టు కాదు. రాత్రి షిఫ్టు పని మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో మళ్లీ ధ్రువీకరించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ నిర్దేశిత వర్గాల ఉద్యోగులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష జరపాలంటోంది. ఆ పరీక్షలో నిద్ర గురించిన ప్రశ్నలకు చోటు కల్పించడం పట్టీలు పంచడంకన్నా చౌకైన పని, ప్రయోజనకరమైన పని.

ఎంతవరకు నమ్మాలి

అలాగని పట్టీని తీసి పారవేయవలసిన అవసరం లేదు. ఒక్క రోజు అంకెను పక్కన పెట్టి, మూడు నాలుగు వారాల ధోరణిని చూడాలి. పడుకున్న వేళ, లేచిన వేళ ఏ మేరకు స్థిరంగా ఉన్నాయో గమనించాలి. గాఢ నిద్ర నిమిషాలను, మార్కులను పట్టించుకోనవసరం లేదు. ఒకే పరికరాన్ని వాడుతూ తన లెక్కను తన పాత లెక్కతోనే పోల్చుకోవాలి తప్ప, ఇతరుల పట్టీతో కాదు. రాత్రి షిఫ్టు వారాన్ని రాత్రి షిఫ్టు వారంతోనే పోల్చాలి. పట్టీతోపాటు తలగడ పక్కన ఒక నోటు పుస్తకం ఉంచుకుని, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచాక ఒళ్లు ఎలా ఉంది అని రెండు వాక్యాలు రాసుకుంటే, పరికరం చూడలేనిది అందులో నమోదవుతుంది.

పగటి మగతను అంచనా వేయడానికి వైద్యులు వాడే ఎప్వర్త్ ప్రశ్నావళి 1991 నుంచి ఉంది. కూర్చుని చదువుతున్నప్పుడు, బస్సులో వెళుతున్నప్పుడు, భోజనం తర్వాత కూర్చున్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని ఎనిమిది సందర్భాల గురించి అడుగుతుంది. గరిష్ఠ మార్కులు 24. పది దాటితే వైద్యుడిని సంప్రదించడం మంచిది. దీనికి చార్జింగ్ అక్కర్లేదు. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవారు చెప్పడం, లేవగానే తలనొప్పి, బండి నడుపుతుండగా రెప్పలు వాలడం వంటి లక్షణాలు ఉన్నప్పుడు పట్టీ ఎన్ని మార్కులు చూపినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే. ఇంట్లోవారి సాక్ష్యం ఇక్కడ చాలా విలువైనది. మనిషి నిద్రపోతున్నప్పుడు అతడిని చూడగలిగేది వారొక్కరే.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. రాత్రంతా ఒళ్లు వంచి పనిచేసిన మనిషి ఎక్కడైనా నిద్రపోగలడన్న నమ్మకం ఆ సామెతలో ఉంది. మూడు షిఫ్టుల జీవితం ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది. నిద్ర సుఖం కోరకపోవచ్చు గానీ చీకటిని, నిశ్శబ్దాన్ని, ఒక క్రమాన్ని కోరుతుంది. స్మృతి నగర్‌లో ఉదయం ఏడింటికి పరదాలు దిగిన ఇంటి ముందు హారను మోగించకుండా వెళ్లడం, పిల్లలు గొంతు తగ్గించి ఆడుకోవడం, రోస్టరు వేసే అధికారి వరుస రాత్రుల మధ్య తగిన విరామం ఉంచడం, ఇవే ఆ మనిషికి నిజంగా నిమిషాలను కలుపుతాయి. మధ్యాహ్నం అతడు లేచాక, నిద్ర పట్టిందా అని ఇంట్లోవారు అడిగినప్పుడు ఫోనువైపు చూడకుండా ఇచ్చే జవాబే ఇప్పటికీ ఎక్కువ నమ్మదగినది.